ముగ్గురికీ ఒకే పళ్లెం

వాషింగ్టన్ వెళ్ళివచ్చామంటే అందరూ మొదట అడిగేది అధ్యక్షుడి భవనం చూశారా అని. చూశాం. పార్కింగ్ వెతుక్కుంటూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాం కాబట్టి కారు అద్దంలోంచి రెండుసార్లు చూశాం. మ్యూజియాల జోలికి పోలేదు. ఆకాశంలోకి సూదిలా నిలబడ్డ తెల్లటి స్తంభం దగ్గర ఫోటో తీసుకుందామనుకుని కెమెరా మోటెల్లో మరిచిపోయాం. అందుకని ఆ ఊరు చూడబోయేవాళ్ళకి నా కథనం పెద్దగా పనికిరాకపోవచ్చు. నేను చెప్పగలిగింది అక్కడ రోడ్డు పక్కన తిన్న ఒక భోజనం గురించి.

అసలు ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. మా వంశీకి రెండేళ్ళ నాలుగు నెలలు. వాడు తినడు. పిల్లలు తినరని తల్లులందరూ అంటారు గాని, వాడు నిజంగానే తినడు. డాక్టరు గదిలో గోడకి తగిలించిన చార్టులో పిల్లల బరువుల గీతలు పైకి ఎక్కుతూ పోతాయి. మావాడి చుక్క అన్నిటికంటే కింది గీతకి కూడా కింద పడుతుంది. పరీక్షలన్నీ చేశారు, రోగమేమీ లేదన్నారు. ఆ మాటతో నా భయం తగ్గకపోగా పెరిగింది. రోగం లేకపోతే తప్పు నాదే అన్నమాట.

అత్తయ్యగారు బాపట్ల నుంచి రాశారు, "ఒక్క ఏడాది వాడిని నా దగ్గర ఉంచండి, ఒళ్ళు చేయించి పంపిస్తాను" అని. మా ఊళ్ళో ఉన్న ఇంకో తెలుగు కుటుంబంలోని సరోజినిగారు డిసెంబరులో ఇండియా వెళుతున్నారు. తనతో తీసుకెళతానన్నారు. బాబు ఇక్కడ పుట్టినవాడు కాబట్టి వాడికి వీసా కావాలి. పోస్టులో పంపి ఎదురుచూసే వ్యవధి లేక, పశ్చిమ వర్జీనియా కొండల్లోంచి ముగ్గురం కారులో బయలుదేరాం. బిడ్డని పంపించేయడానికి కాగితం తెచ్చుకోబోతున్నాం. ఆ ప్రయాణానికి కూడా నేను పులిహోర కలిపాను. అలవాటు.

కొండల మీద హోటలు

పులిహోర అయిపోయాక దారిలో భోజనానికి ఆగిన చోట శాకాహారం అంటే ఏమిటో చెప్పడానికి మావారికి అయిదు నిమిషాలు పట్టింది. వడ్డించే ఆవిడ జుట్టంతా తెలుపు. మమ్మల్ని "హనీ" అని పిలిచింది. మావారిని కూడా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మాంసం లేకుండా సూప్ ఉంది హనీ. కూరగాయల సూప్."

"దాన్ని దేనితో చేస్తారు?"

"ఎద్దు ఎముకలతో."

చివరికి రొట్టె మధ్య చీజ్ పెట్టి కాల్చినది తిన్నాం. ఆవిడ వంశీ ముందు ఉప్పు బిస్కెట్ల పొట్లాలు నాలుగు పెట్టింది. నేను వాడి నోటి దగ్గర బిస్కెట్టు పట్టుకుని కూర్చున్నాను. వాడు తల తిప్పుకుని కిటికీ బయట లారీల్ని చూశాడు. నేను రెండో వైపు వెళ్ళి కూర్చున్నాను. వాడు మళ్ళీ తిప్పుకున్నాడు. బిల్లు వచ్చేసరికి నా రొట్టె చల్లబడి చెక్కలా అయింది. ఆవిడ దాన్ని చూసి, "నీది బాగాలేదా హనీ?" అని అడిగింది. బాగుందని చెప్పి కాగితంలో చుట్టుకున్నాను.

హంసాబెన్ మోటెల్

సాయంత్రం మేరీల్యాండ్‌లో ఒక చిన్న మోటెల్లో దిగాం. మన తెలుగువాళ్ళు ప్రయాణంలో రైస్ కుక్కర్ పట్టుకెళ్ళడం అందరికీ తెలిసిందే. గదిలో వాసన ఉండిపోతుందని మావారు దాన్ని స్నానాలగదిలో పెట్టి ప్లగ్ గుచ్చారు. రెండో నిమిషంలో మా గదిలోనూ, అటూ ఇటూ ఉన్న గదుల్లోనూ దీపాలు ఆరిపోయాయి.

తలుపు తట్టింది చీర మీద స్వెట్టర్ వేసుకున్న ఒక గుజరాతీ ఆవిడ. మోటెల్ వాళ్ళదే. పేరు హంసాబెన్. మేం క్షమాపణలు చెప్పబోతే చేత్తో ఆపింది.

"బాత్రూమ్‌లో పెట్టారా?" అంది హిందీలో.

"అవునండీ."

"సౌత్ వాళ్ళందరూ బాత్రూమ్‌లోనే పెడతారు. టీవీ పక్కన ప్లగ్ ఉంది, అది వేరే లైను. వచ్చేసారి గుర్తుపెట్టుకోండి."

ఫ్యూజు బాగయ్యాక ఆవిడే ఒక గిన్నెలో కిచిడీ తెచ్చి ఇచ్చింది. మంచం మీద కూర్చుని వంశీని ఒళ్ళోకి తీసుకుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఏమంటుందోనని భయపడ్డాను గాని, ఆవిడ చాలా మామూలుగా తల ఊపింది.

"మంచిపని. మా పెద్దాడిని మూడేళ్ళు సూరత్‌లో ఉంచాం, ఈ మోటెల్ కొన్న కొత్తలో. రాత్రీ పగలూ పని కదా, ఎవరు చూస్తారు? బొద్దుగా తయారై వచ్చాడు. బుగ్గలు ఇంతింత."

"ఇప్పుడు బాగున్నాడా?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు. వచ్చిన కొత్తలో ఆర్నెల్లు నన్ను మాసీ అని పిలిచేవాడు." మాసీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. ఆవిడ పెద్దగా నవ్వింది. "ఎంత చెప్పినా మాసీయే. తర్వాత అలవాటైంది."

ఆవిడ నవ్వింది కాబట్టి నేనూ నవ్వాను. వెళ్ళిపోయాక మావారు, "చూశావా, ఏమీ కాదు" అన్నారు. నేను కిచిడీ గిన్నె కడగడానికి లేచాను. మర్నాడు కారులో ఆయనే మళ్ళీ ఎత్తారు.

"మాట్లాడవేం శారదా? ముందు పంపిద్దామన్నది నువ్వే కదా."

"నేనన్నానా? ఉత్తరం చదివి 'అమ్మ చెప్పింది కరెక్టే' అన్నదెవరు?"

"నువ్వు రోజూ ఏడుస్తుంటే అన్నాను."

"ఏడవక ఏం చెయ్యమంటారు?"

 వాషింగ్టన్ చేరేదాకా వెనక సీట్లో వంశీ ఎదురొచ్చిన ప్రతి లారీకీ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఎంబసీ కిటికీ

మన ఎంబసీలో అడుగుపెట్టగానే పాత ఫైళ్ళ వాసనా, అగరొత్తుల వాసనా కలిసి తగిలాయి. ఒక్క క్షణం నా కాళ్ళు బాపట్ల పోస్టాఫీసులో ఉన్నాయి. కిటికీ వెనక ఢిల్లీ వైపు ఆయన ఫారమ్ చూసి, కళ్ళజోడు పైనుంచి మమ్మల్ని చూశారు.

"బాబు ఎవరితో వెళుతున్నాడు?"

మావారు సరోజినిగారి సంగతి చెప్పారు.

"అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసిన ఉత్తరం కావాలి. ఫలానా ఆవిడతో పంపడం మాకిష్టమే అని. రాసుకుని మూడింటికి రండి."

బయటికి వచ్చి ఒక చిన్న పార్కులో బెంచీ మీద కూర్చున్నాం. మావారు కాగితం మోకాలి మీద పెట్టుకుని నాలుగు వాక్యాలు రాసి, సంతకం చేసి, పెన్ను నా వైపు చాచారు.

"భోంచేశాక చేస్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆకలి కూడా లేదు.

నీలం ట్రక్కు

పార్కు మూల మీద లంచ్ ట్రక్కులు వరసగా ఆగి ఉన్నాయి. ఇవి మన తోపుడు బళ్ళకి అన్నగార్లు. లోపలే పొయ్యి, లోపలే వంట, పక్కన తెరిచిన కిటికీలోంచి అమ్మకం. సూట్లు వేసుకున్న ఆఫీసువాళ్ళు వాటి ముందు క్యూ కట్టి నిలబడతారు. సాసేజ్‌ల ట్రక్కు, ఫ్రైడ్ చికెన్ ట్రక్కు, చివర నీలం రంగుది. దాని మీద చేత్తో రాసిన అక్షరాలు: ఇథియోపియా భోజనం.

నేను ఆగిపోయాను. ఈ మధ్య రోజూ సాయంత్రం టీవీలో ఆ దేశపు కరువు చూపిస్తున్నారు. పక్కటెముకలు లెక్కపెట్టగలిగే పిల్లలు, ఈగలు తోలుకునే శక్తి లేని తల్లులు. ఆ వార్తలు రాగానే నేను లేచి వెళ్ళి టీవీ ఆపేసేదాన్ని. ఆ తల్లుల ఒళ్ళో ఉన్న పిల్లల చేతులూ మావాడి చేతులూ ఒకేలా కనిపించేవి. వాళ్ళకి తిండి లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ నిండా తిండి. ఆ దేశం పేరు పెట్టుకున్న ట్రక్కు దగ్గర నిలబడి భోజనం అడగడానికి సిగ్గేసింది.

మావారు మాత్రం, "కరువు దేశం వాళ్ళు ఏం వండుతారు?" అన్నారు, తెలుగులోనే, మెల్లగా. కిటికీలో ఉన్నావిడకి ఆ మాట అర్థమయ్యే వీలు లేదు. కాని ఆయన ముఖం ఆవిడకి అర్థమైనట్టుంది.

"అందరూ అదే అడుగుతారు, 'మీ దేశంలో తిండి ఉందా' అని," అంది ఇంగ్లీషులో. "నేను, 'ముందు తిను, తర్వాత అడుగు' అంటాను."

ఆవిడ పేరు ఆల్మాజ్. ముప్ఫై అయిదు, నలభై మధ్య ఉంటుంది. తలకి తెల్లటి పల్చని గుడ్డ చుట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో పోస్టాఫీసులో పనిచేసేదట.

"మాంసం లేనిది ఏముంది?" అని అడిగాను, ఎద్దు ఎముకల సూప్‌ని గుర్తుచేసుకుంటూ.

"ఇవాళ ఏదీ మాంసం కాదు. బుధవారం కదా, మాకు ఉపవాసం. మాంసం, పాలు, వెన్న, గుడ్డు ఏవీ ముట్టం." నా బొట్టు వైపు చూసి, "నీకూ ఉపవాసమా?" అంది.

"ఉపవాసం కాదు. మేమెప్పుడూ మాంసం తినం."

"ఎప్పుడూనా? అమ్మో, ఎప్పటికి అయిపోతుంది మీ ఉపవాసం!"

ఉపవాసమని చెప్పి ఇంత వంట చేయడం నాకు నచ్చింది. మా అమ్మమ్మ ఏకాదశినాటి ఫలహారాలు గుర్తొచ్చాయి. ఎర్ర కందిపప్పు కారంకారంగా ముద్దపప్పులా ఉంది. పసుపు వేసిన క్యాబేజీ, బంగాళాదుంప. ఏదో ఆకుకూర. శనగపిండిని పులుసులా ఉడికించినది. వీటి కింద పరిచేది ఇంజెరా. పెద్ద పళ్లెమంత అట్టు, ఒకవైపే కాలుతుంది, పైన అంతా తేనెపట్టులా కన్నాలు. పులిసిన అట్ల పిండి వాసన. అసలు ఆ అట్టు వేసే గింజ అమెరికాలో దొరకదట. బార్లీ, గోధుమపిండి కలిపి పులియబెడుతున్నానని చెప్పి, "మా అమ్మ చూస్తే ఇది ఇంజెరా కాదు, గోడకి కొట్టే సున్నం అంటుంది" అని నవ్వింది.

ఇక్కడే నేను పొరపాటు చేశాను.

"మూడు పళ్లేలు ఇవ్వండి. విడివిడిగా," అన్నాను.

ఆల్మాజ్ చేతిలో గరిటె ఆగింది. నన్ను చూసింది, మావారిని చూసింది.

"గొడవపడ్డారా?"

"లేదు లేదు," అన్నారు మావారు కంగారుగా. "మా అలవాటు. ఒకరి ఎంగిలి ఒకరు..." ఎంగిలికి ఇంగ్లీషు లేదు. "జెర్మ్స్" అన్నారు. అది మరీ అన్యాయంగా వినిపించింది.

"మా దగ్గర ఒక ఇంటివాళ్ళు విడిగా పళ్లెం అడిగితే గొడవపడ్డారని అర్థం," అంది. "ఆఫీసుకి పట్టుకెళ్ళేవాళ్ళకి డబ్బాల్లో పెట్టిస్తాను. ఇక్కడ కూర్చునేవాళ్ళకి ఒకటే పళ్లెం. నా దగ్గర చిన్నవి లేవు."

అబద్ధమో నిజమో తెలియదు. ట్రక్కు వెనక పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించి ఉన్నాయి. వాటి మధ్య మేజాబల్లంత పళ్లెం తెచ్చి పెట్టింది. ముగ్గురికీ కలిపి నాలుగు డాలర్లు తీసుకుంది. తర్వాత చెంబులాంటి కెటిల్‌తో మా చేతుల మీద నీళ్ళు పోసింది, ముందు మావారికి, తర్వాత నాకు, తర్వాత వంశీకి. అమెరికా వచ్చాక నా చేతుల మీద ఇంకొకరు నీళ్ళు పోయడం అదే మొదలు.

మా అమ్మ నాన్నగారు తిన్న విస్తట్లోనే తినేది. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని, అలా తిననని పెళ్ళికి ముందే అనుకున్నాను. తినలేదు కూడా. ఒకరి తర్వాత ఒకరు ఒకే విస్తట్లో తినడం మాకు తెలుసు. ఇద్దరూ ఒకేసారి ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టడం మాత్రం తెలియదు. మావారు తన వైపు అంచు తుంచారు. నేను నా వైపు అంచు తుంచాను. మధ్యలో పప్పు, సరిహద్దులా. వంశీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు వాడికి పెట్టబోయాను. తల తిప్పుకున్నాడు. రెండో వైపు తిప్పాను. మళ్ళీ తిప్పుకున్నాడు.

ఆల్మాజ్ క్యూ తగ్గాక కిందికి దిగి వచ్చి చూస్తోంది.

"నువ్వెప్పుడు తింటావు?" అని అడిగింది.

"వాడు తిన్నాక."

"వాడు తినకపోతే?"

నేను మళ్ళీ వాడి నోటి దగ్గరికి ముక్క పట్టుకెళ్ళాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, అట్టు తుంచి, పప్పూ ఆకుకూరా చుట్టి, పెద్ద ముద్ద నా నోటి ముందు పట్టుకుంది. నాకు! ఆఫీసువాళ్ళు చూస్తున్నారు. ముక్కూ ముఖం తెలియని మనిషి చెయ్యి. వద్దంటే ఏమనుకుంటుందో అన్న భయమే గెలిచింది. నోరు తెరిచాను. పులుపూ కారమూ కలిసి కళ్ళలో నీళ్ళు తెప్పించాయి. కారం వల్లనే అని అప్పుడు అనుకున్నాను.

"దీన్ని గుర్షా అంటాం. మనకి కావలసినవాళ్ళ నోట్లో మన చేత్తో పెట్టడం. ఒకటి పెట్టి ఆపితే పగ," అని రెండోది చుట్టింది.

"మా దగ్గరా అంతే," అన్నాను నోరు నిండా పెట్టుకుని. "ఒక్కటే వడ్డించకూడదు."

"అయితే నీకు తెలుసు. మూడోది నేను పెట్టను. ఆయన పెట్టాలి," అని మావారిని చూపించింది.

"ఇక్కడా?" అన్నారు ఆయన.

"ఇంకెక్కడ? పళ్లెం ఇక్కడుంది."

మావారు పెళ్ళిలో కూడా నాకు తిన్నగా తినిపించలేదు. ముద్ద చుడుతుంటే సగం విడిపోయింది. అది నా నోటికి చేరేలోపల పప్పు ఆయన టై మీద పడింది. ఎంబసీ కోసమని కట్టుకున్న టై అది. "అయ్యో!" అన్నారు. ఆల్మాజ్ చప్పట్లు కొట్టింది. అప్పుడు వంశీ నవ్వాడు. గట్టిగా, తల వెనక్కి వాల్చి.

"ఏమండీ, మీకూ," అని నేను ఆయనకి ఒకటి చుట్టాను. ఆయన వంగి తిన్నారు. వంశీ మా ఇద్దరి నోళ్ళనీ మార్చి మార్చి చూస్తున్నాడు, బంతి ఆట చూసేవాళ్ళలా. తర్వాత నా ఒళ్ళోంచి జారి, పళ్లెం దగ్గర నిలబడి, ఎడమచేత్తో అట్టు పీకాడు.

"కుడిచెయ్యి!" అన్నాం నేనూ ఆల్మాజూ ఒకేసారి, చెరో భాషలో. ఒకరినొకరు చూసుకున్నాం.

వాడు చెయ్యి మార్చుకున్నాడు. ముక్కని పప్పులో పొర్లించి నా పెదాలకి అంటించాడు. "అమ్మా, ఆఁ." తిన్నాను. తర్వాతది వాళ్ళ నాన్నకి. ఆ తర్వాతది, ఎవరూ ఏమీ అనకుండానే, తన నోట్లో పెట్టుకున్నాడు.

కారానికి ముఖం ముడుచుకున్నాడు. నేను నీళ్ళకోసం లేచాను. కారం పడుతుందో లేదో, ఆ నీళ్ళు కాచినవో కాదో, మూతి తుడవాలి, ఇవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"కూర్చో," అంది ఆల్మాజ్. "నువ్వు తిను."

కూర్చున్నాను. తిన్నాను. వాడు క్యాబేజీలోంచి ఒక ముక్క ఏరుకున్నాడు. ఇంకొకటి. ఎన్ని తిన్నాడో నాకు తెలియదు, ఎందుకంటే నేను నా ముద్ద చుట్టుకుంటున్నాను.

ఇంట్లో వాడు ఎత్తు కుర్చీలో కూర్చుంటాడు. ఎదురుగా నేను గిన్నె పట్టుకుని కూర్చుంటాను. వాడి పని అయ్యాక సింక్ దగ్గర నిలబడి నేను మింగుతాను. వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు నిద్రపోతాడు. మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. అయినా పుట్టినప్పటినుంచీ ఇంకో మనిషి కూర్చుని ఇష్టంగా అన్నం తినడం వాడు ఎన్నిసార్లు చూసి ఉంటాడు? బాపట్లలో అయితే పంక్తి ఉంటుంది, పిల్లలు పక్కవాడి ఆకులోకి చూసి తింటారు. అత్తయ్యగారి ఇంట్లో వాడు ఒళ్ళు చేస్తాడన్నది నిజమే కావచ్చు. కాని ఆ పంక్తిలో మేమిద్దరం ఉండం.

ఇదంతా నేను మావారికి చెప్పలేదు. ఆయన వాడి వైపు చూస్తూ, టై సంగతి మరిచిపోయి, పళ్లెం అంచున మిగిలిన అట్టు తుంచి వాడి వైపు జరిపారు. వెళ్ళేటప్పుడు ఆల్మాజ్ చెయ్యి పట్టుకున్నాను. "పప్పులో కారం ఎక్కువైంది," అన్నాను. "శుక్రవారం రా, తగ్గిస్తాను," అంది.

మూడు గంటలకి

ఎంబసీ కిటికీ వెనక ఆయన చెయ్యి చాచారు.

"ఉత్తరం తెచ్చారా?"

నేను బ్యాగ్ తెరవబోయాను. నేనింకా సంతకం చేయలేదు. అక్కడే నిలబడి చేయమంటే చేసేసేదాన్నేమో, నిజం చెప్పాలంటే. మావారి మాట కాదని నలుగురిలో అనే ధైర్యం నాకు లేదు.

"ఉత్తరం అక్కర్లేదండీ," అన్నారు మావారు. "బాబు మాతో వస్తాడు."

"ఎప్పుడు?"

"మాకు సెలవు దొరికినప్పుడు."

"పొద్దున డిసెంబర్ అన్నారు కదా?"

"పొద్దున అన్నాం."

ఆ పెద్దాయన మావారి టై మీది పసుపుపచ్చ మరకని కాసేపు చూశారు. ఫారమ్‌లో ఒక గీత కొట్టి, పక్కన మా ఇద్దరి పేర్లూ రాసుకున్నారు. మావారు నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం చెరో వైపునుంచి వంశీ చేతులు పట్టుకుని నిలబడ్డాం.

ఇంటికి వచ్చాక

సరోజినిగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అప్పటికే వాడికోసం విమానంలో కిటికీ సీటు అడిగి ఉంచారు.

"ఇంతదూరం వచ్చి ఇప్పుడు మనసు మార్చుకున్నారా? ఏం జరిగిందమ్మా శారదా?"

"రోడ్డు పక్కన భోంచేశామండీ."

"భోంచేసి?"

దాన్ని ఫోనులో చెప్పలేకపోయాను. బాబు పడుకున్నాక కూర్చుని ఇక్కడ రాశాను. అత్తయ్యగారికి రాయవలసిన ఉత్తరం ఇంతకంటే కష్టం. అది రేపు రాస్తాను.

ఎత్తు కుర్చీ గరాజ్‌లో పెట్టేశాం. మావారు ఆరింటికల్లా ఇంటికి వస్తున్నారు. కింద చాప వేసుకుని ముగ్గురం ఒక పళ్లెం చుట్టూ కూర్చుంటున్నాం. అద్భుతాలేమీ జరగలేదు. నిన్న నాలుగు మెతుకులు తిన్నాడు. ఇవాళ అప్పడం ఒక్కటి నాకి పడేశాడు. వచ్చే నెల డాక్టరు తూకం ఉంది. వాడు ఇంకా సరిగ్గా తినడం లేదు. కాని ఆ తినకపోవడమేదో ఇప్పుడు మా మధ్యనే కూర్చుని, మా నోళ్ళు చూస్తూ చేస్తున్నాడు.